ఫెయిర్ కాపీ

మా నాన్న ఒక ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. ప్రూఫ్ రీడరంటే తప్పులు దిద్దేవాడని అందరూ అనుకుంటారు. ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో మా నాన్న దిద్దినవాటికంటే దిద్దనివ్వకుండా కాపాడినవే ఎక్కువ. ఆ సంగతి ఎవరికైనా అర్థమయ్యేలా చెప్పడం ఆయనకు చేతకాదు, అందుకని నేను చెబుతున్నాను. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. ఆ నోటి వల్ల ఏం జరిగిందో కూడా ఇందులోనే వస్తుంది.

ఆ ప్రెస్సువాళ్లు కాలేజీ పిల్లల కోసం పాత ఇంగ్లీషు నవలలు మళ్లీ అచ్చు వేసేవారు. నూటయాభై, రెండొందల ఏళ్ల కిందటి పుస్తకాలు. ఆ రోజుల్లో ఏ మాట ఎలా రాయాలో ఇంగ్లీషువాళ్లకే ఒక కట్టుబాటు లేదు. 'షో' అన్న మాటలో మనం ఇప్పుడు ఓ రాసేచోట వాళ్లు ఈ రాసేవారు. 'మ్యూజిక్' చివర సి చాలదన్నట్టు పక్కన కె తగిలించేవారు. బండికి రెండు ఎడ్లు కట్టినట్టు 'వాగన్'కి రెండు జీలు కట్టేవారు. ఇవి పాతకాలపు రాతలు. ఇవి కాక, నవలలో ఏ రైతో, బట్టలుతికే ఆవిడో, ఓడలో బొగ్గు వేసేవాడో నోరు తెరిస్తే ఇంకో రకం. వాళ్ల యాస చెవికి ఎలా తగిలిందో అలాగే అక్షరాల్లో పెట్టేవారు రాసినవాళ్లు. ఒక ప్రాంతపు రైతు 'ఫార్మర్' అనడు, ఎఫ్ తీసేసి వి పెట్టుకుంటాడు. 'సర్' అనడానికి ఎస్ బదులు జెడ్ వాడతాడు. 'విండో' చివర ఉన్న ఓ, డబ్ల్యూలను ఊడబీకి ఈ, ఆర్ బిగిస్తాడు ఇంకొకడు.

ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టే రావాలి. అయితే కంపోజింగ్ చేసేవాళ్ల వేళ్లు ఊరుకోవు కదా. చిన్నప్పుడు బడిలో బెత్తం దెబ్బలు తిని నేర్చుకున్న స్పెల్లింగులాయె. తప్పు కనబడగానే సాయం చేసేస్తారు. అందుకని మా నాన్న అచ్చుకిచ్చే కాపీ వాళ్ల చేతికి వెళ్లకముందే ప్రతి పాత మాట కిందా ఎర్ర సిరాతో వరసగా చుక్కలు పెట్టి పంపేవాడు. చుక్కలుంటే ముట్టుకోకూడదని లెక్క. ప్రెస్సులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు కాదు, చుక్కలాయన అనేవాళ్లు. జీతం ఇచ్చే గుమాస్తా కూడా ఒకసారి రిజిస్టరులో అలాగే రాసి నాలిక కరుచుకున్నాడట.

ఒకసారి అడిగాను, తప్పని తెలిసీ ఎందుకు నాన్నా దాని మీద అంత మోజు అని. ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు.

"పుస్తకాల్లో పెద్దమనుషులంతా ఒకేలా మాట్లాడతారమ్మా. కూలివాడు మాట్లాడినప్పుడే అక్షరాలు అటూ ఇటూ అవుతాయి. రాసినవాడు ఎక్కడో ఆ నోరు విన్నాడు. మనం ఆ అక్షరం దిద్దామనుకో, ఆ మనిషి నోరు నొక్కేసినట్టే" అన్నాడు.

మా నాన్న ఒక్క బిగిన అన్ని మాటలు మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

చుక్కలు పెట్టిన మాటనల్లా ఆయన కార్డు మీదికి ఎక్కించేవాడు. కార్డంటే కొన్నది కాదు. పుస్తకాలకు అట్టలు వేసి మూడు వైపులా మిషను మీద కోస్తారు, ఆ కోతలో పడిన ముక్కలు. పైన పాత రాత, దాని కింద ఇప్పటి రాత, ఆ కింద ఆ మాట వచ్చిన వాక్యం, అన్నదెవరు, ఎన్నో పేజీ. చీమ తలకాయంత అక్షరాలు. ముప్పై ఒక్క ఏళ్లలో తొమ్మిది వేల చిల్లర కార్డులు, పద్నాలుగు చెప్పుల పెట్టెలు. మా ఇంట్లో చెప్పులు నేల మీద, వాటి పెట్టెలు బీరువా మీద ఉండేవి. అమ్మ ఉన్నన్నాళ్లూ ఆ పెట్టెల దుమ్ము దులుపుతూ సవతిని చూసినట్టు చూసేది. అమ్మ పోయాక ఆ దుమ్ము నా వంతుకు వచ్చింది.

ఇక మా అత్త. నాన్నకు ఎనిమిదేళ్లు పెద్ద. తాతయ్య పోయేనాటికి ఆవిడకు పదిహేడు, నాన్నకు తొమ్మిది. ఆవిడ టైపు నేర్చుకుని కోర్టులో చేరి, తమ్ముణ్ణి చదివించింది. నాన్న చేత అక్షరాలు దిద్దించింది కూడా ఆవిడే. ఎవరైనా పెళ్లి మాట ఎత్తితే మిషను మోత పెంచేదట, ఎత్తినవాళ్లు కాసేపు కూర్చుని వెళ్లిపోయేవాళ్లు. నలభై ఏళ్లు అదే కుర్చీ. కోర్టులో ఆవిడకు సున్నా మేడం అని పేరు. ఆవిడ కొట్టిన కాగితంలో తప్పు ఎప్పుడు వెతికినా సున్నాయే.

ఆ పట్టింపు ఊరికే రాలేదు. ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంకెవరో కొట్టిన వారంటులో ఒక పేరు తప్పు పడి, ఏ పాపం ఎరగని మనిషిని పదకొండు రోజులు లోపల పెట్టారట. అతని భార్య రోజూ వచ్చి టైపు గది వరండాలో కూర్చునేదట. అప్పటినుంచీ మా అత్త తన చేతిలోకి వచ్చిన కాగితాన్ని దిద్దకుండా పంపలేదు. జడ్జీలు గిలికిన డ్రాఫ్టుల్లో తప్పులుంటే వాళ్లకు చెప్పకుండానే సరిచేసేది. తప్పు మాట కింద వాళ్లే సరైన మాట రాసి ఉంటే, కింద మాట ఒక్కటే కొట్టేది. ఫెయిర్ కాపీ వచ్చాక రఫ్ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసేది. రెండు కాపీలు ఉంటే రేపు ఎవడో ఒకడు తప్పుదే పైకి తీస్తాడు, అది ఆవిడ వాదన. కోర్టులో అందరూ అలాగే చేసేవారట.

రిటైరయ్యాక మిషనుతో సహా మా ఇంటికి వచ్చేసింది. చిన్నపిల్లలు కూడా అలా ఉండరు, నాన్నా ఆవిడా రోజంతా కీచులాడుకునేవారు. పాలు ఎక్కువ మరిగాయని, పేపరు మడత చెడిందని, ఏదో ఒకటి. నేను పనిచేసే మందుల షాపు నుంచి ఇంటికి వచ్చేసరికి ఇద్దరూ చెరో గుమ్మంలో నిలబడి నాకు ఫిర్యాదు చేసేవారు. ఎవరి వైపు మాట్లాడినా రెండోవాళ్లకు కోపం, మాట్లాడకపోతే ఇద్దరికీ కోపం.

నాన్న రిటైరయ్యే ముందు ఏడు ప్రెస్సుకు ఒక కాలేజీ మాస్టారు ఉత్తరం రాశాడు. మీరు పంపిన పుస్తకం నిండా అచ్చుతప్పులే, పిల్లల భవిష్యత్తుతో ఆడుకుంటున్నారు అని, తొంభై కాపీలు తిప్పి పంపాడు. ఓనరుగారు ఒంటికాలి మీద లేచారు. నాన్న మొదటి ముద్రణ పుస్తకం తెచ్చి పక్కన పెట్టి, ఆ తప్పులన్నీ తప్పులు కావని ఒక్కొక్కటీ చూపించాడు. ఓనరుగారు చల్లబడి, అసలు ఈ మాటలన్నిటికీ ఒక పుస్తకం ఉంటే బాగుండేది కదయ్యా అన్నారు. నాన్న నీళ్లు నమిలి, ఉందండీ, పద్నాలుగు పెట్టెల్లో ఉంది అన్నాడు. టైపు చేయించి పట్రా, నేను అచ్చేస్తాను అన్నారాయన. ఆ రోజు నాన్న బస్సెక్కడం మరిచిపోయి ఇంటిదాకా నడిచొచ్చాడు.

అప్పటికే ఆయనకు రెండు కళ్లలోనూ శుక్లాలు. సొంత రాత తనకే కనబడటం లేదు. డాక్టరు ఒక కన్ను ఇప్పుడు, రెండోది మూడు నెలల తరవాత అన్నాడు. ఆ చీమ అక్షరాలు చదవగలిగింది భూమ్మీద ఇంకొక్కరే, వాటిని దిద్దించినావిడ. నాన్న ఆవిడ గది గుమ్మంలో నిలబడి, అక్కా, ఇవి కొట్టి పెడతావా అని అడిగాడు. ఎలా కొట్టాలో చెప్పలేదు. నలభై ఏళ్లు కోర్టుకు టైపు చేసి తనను పెంచిన మనిషికి టైపు ఎలా చేయాలో చెప్పడమంటే ఆయనకు తల తీసేసినట్టుంటుంది. ఆవిడ కూడా అడగలేదు. అడగడం అలవాటు లేదు. సగం పని ఎవరికీ చూపించను, అయ్యేదాకా నా గదిలోకి రావద్దు అంది.

నాలుగు నెలలు. పొద్దున్నే టీ తాగి కూర్చునేది, మధ్యాహ్నం దాకా టకటకలాడించేది. డెబ్భై నాలుగేళ్ల మనిషి, అప్పటికే గుండె పెద్దదైందని డాక్టరు మాత్రలు రాసిచ్చాడు, మెట్లు ఎక్కొద్దన్నాడు. మిషను ముందు కూర్చుంటే మాత్రం ఆయాసం ఎటు పోయేదో తెలియదు. పక్క గదిలో నాన్న కంటికి గంత కట్టుకుని పడుకుని, ఆ చప్పుడు వింటూ పాట వింటున్నట్టు చేత్తో తాళం వేసేవాడు. నేను చూసిన అన్ని ఏళ్లలో ఆ ఇంట్లో అంత సంతోషం ఎప్పుడూ లేదు.

రోజూ పొద్దున ఆవిడ గది చెత్తబుట్ట నేనే తీసేదాన్ని. బుట్టలో నాలుగు ముక్కలుగా చింపిన అట్టముక్కలు ఉండేవి. మా నాన్న రాత నాకు తెలియదా? తెలుసు. చూశాను. ఫెయిర్ కాపీ అయ్యాక చింపేస్తుందిలే, ఆవిడ పద్ధతి అంతే అనుకున్నాను. బస్సుకు టైమవుతోంది. నాలుగు నెలలపాటు, రోజుకు ఒక సంచి చొప్పున, నా చేతులతో నేనే మా నాన్న ముప్పై ఒక్క ఏళ్లనూ తీసుకెళ్లి వీధి చివర చెత్తకుండీలో పోసి వచ్చాను.

రెండో కంటికి కట్టు విప్పి కొత్త కళ్లజోడు ఇచ్చిన మర్నాడు, అత్త మూడొందల డెబ్భై కాగితాల కట్ట తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. తెల్ల నాడాతో కట్టి, పైన పేజీ మీద నాన్న పేరు పెద్దక్షరాల్లో కొట్టింది. చూసుకో అని చెప్పి వెళ్లి పడుకుంది. నాన్న చేతులు కడుక్కుని, తుడుచుకుని, నాడా విప్పాడు.

మొదటి పేజీ చూసి నవ్వాడు. రెండో పేజీకి నవ్వు పోయింది. నాలుగైదు పేజీలు గబగబా తిప్పి, మధ్యలోంచి ఒకటి తీసి, చివరనుంచి ఒకటి తీసి చూశాడు. నేను ఆయన భుజం మీంచి చూశాను. ఎక్కడా గీత వంకర లేదు, కొట్టివేత లేదు. ఎ నుంచి జెడ్ దాకా చక్కగా వరసలో ఇంగ్లీషు మాటలు. షో. మ్యూజిక్. వాగన్. ఫార్మర్. విండో. అన్నీ ఇప్పటి రాతలే. పై మాట తప్పు, కింద మాట ఒప్పు అనుకుని ఆవిడ కింద మాట ఒక్కటే కొట్టింది. వాక్యాల్లో ఉన్నవాటినీ వదల్లేదు. ఓడవాడూ, బట్టలుతికే ఆవిడా, రైతూ అందరూ జడ్జీగారిలా మాట్లాడుతున్నారు. మూడొందల డెబ్భై పేజీలు, బడిపిల్లలకు కూడా తెలిసిన మాటలు.

పెట్టె ఒకటి పట్టుకురామ్మా అన్నాడు నాన్న. బీరువా మీంచి దించితే ఖాళీగా తగిలింది. పద్నాలుగూ దించాను. ప్రతి పెట్టె అడుగునా ఆవిడ కొత్త పేపరు పరిచి పెట్టింది. అప్పుడు చెప్పాను నాన్నకు, చెత్తబుట్ట సంగతి. చెబుతూ ఏడ్చేశాను. ఆయన నా వైపు చూడలేదు. ఒక ఖాళీ పెట్టెలో చెయ్యి పెట్టి, అడుగున పరిచిన పేపరు తడుముతూ కూర్చున్నాడు. కొత్త కళ్లు, నీళ్లు తగలకూడదన్నాడు డాక్టరు. ధారగా కారుతున్నాయి.

పుస్తకాలు మళ్లీ చూసి రాసుకోవచ్చు కదా అన్నాను. ఏ పుస్తకాలు? సగం ఎక్కడెక్కడి లైబ్రరీల నుంచో అడిగి తెచ్చినవి, పని కాగానే తిప్పి పంపినవి. ప్రెస్సు వేసినవి ఎప్పుడో కాలేజీలకు అమ్ముడైపోయాయి. మళ్లీ ముప్పై ఒక్క ఏళ్లు కావాలమ్మా అన్నాడు.

అత్త లేచి వచ్చేసరికి ఆయన మొహం కడుక్కుని కాగితాలకు నాడా కట్టేశాడు. చూశావా అంది. చూశానక్కా అన్నాడు. తప్పులేమైనా ఉన్నాయా అంది.

"ఒక్కటీ లేదక్కా."

అది నిజమే. మా నాన్నకు అబద్ధం చెప్పడం రాదు.

మర్నాడు ప్రెస్సుకు వెళ్లి, ఆ పుస్తకం ఇప్పట్లో కాదండీ అని ఓనరుగారికి చెప్పి వచ్చాడు. అక్కకు ఎట్టి పరిస్థితుల్లోనూ తెలియకూడదని నా దగ్గర మాట తీసుకున్నాడు. ఇచ్చాను. ఇచ్చేటప్పుడు గట్టిగానే ఇచ్చాను.

ఆ తరవాత రెండు నెలలు ఆవిడ గొప్పలకు హద్దు లేదు. పాలు పోసే ఆవిడకు చెప్పింది, ఇంజక్షన్ చేయడానికి వచ్చే నర్సుకు చెప్పింది, కరెంటు మీటరు చూడటానికి వచ్చినతణ్ణి కూర్చోబెట్టి మరీ చెప్పింది. మా తమ్ముడి పుస్తకం, నేనే కొట్టాను, ఒక్క తప్పు చూపించమనండి అని. ఆ మాటకు నాన్న పక్కన నిలబడి తల ఊపేవాడు. ఆయన ఊపే ప్రతిసారీ నాకు నేను మోసిన సంచులు గుర్తొచ్చేవి. నిజం చెప్పాలంటే ఆవిడ మీద కోపం కాదు అది, నా మీద నాకున్నదే. కానీ కోపానికి దారి కావాలి కదా, అది ఎటు పోవాలో నేను చూసుకోలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం అన్నానికి కూర్చున్నాం. పుస్తకం ఏమైందని ఆవిడ మళ్లీ మొదలెట్టింది. నాన్న ఏదో గొణిగాడు. పుట్టుబద్ధకం అంది. ముప్పై ఏళ్లు నానబెట్టావు, నేను నాలుగు నెలల్లో తేల్చాను, ఆ ప్రెస్సు గుమ్మం తొక్కడానికి నీకు ఇంకా కాళ్లు రావడం లేదు అంది. రేపు నేనే ఆటో ఎక్కి వెళ్లి ఆ ఓనరును కడిగేస్తాను అంది. నాన్న తల వంచుకుని అన్నం కలుపుతూనే ఉన్నాడు, కలిపిందే కలుపుతున్నాడు. ఆ చెయ్యి చూశాను. ఇక నా వల్ల కాలేదు.

"అచ్చు వేయడానికి ఏముందత్తా అందులో? పై మాటలే నాన్న పుస్తకం. అవన్నీ నువ్వు దిద్దేశావు. దిద్దేసి కార్డులు చింపేశావు. ఒక్కటి కూడా మిగల్లేదు."

నాన్న నా పేరు పెట్టి పిలిచాడు, ఆగమన్నట్టు. అప్పటికే అయిపోయింది.

అత్త నన్ను చూడలేదు. నాన్ననే చూసింది. నిజమేనా అని కూడా అడగలేదు, ఆయన మొహం చాలు. లేచి చెయ్యి కడుక్కుంది. నాడా విప్పి, ఒక్కో పేజీ మీద వేలు ఆనించి చదువుకుంటూ పోయింది. పది పన్నెండు పేజీలు చదివింది. ఒక కార్డు చూపించు అంది. నాన్న ఖాళీ పెట్టెల వైపు చూశాడు. ఆవిడ తన చేతులు బల్ల మీద పెట్టుకుని, ఎవరివో అన్నట్టు చూసుకుంది.

"మరి ఒక్క తప్పూ లేదన్నావు కదరా" అంది. వెళ్లి గోడ వైపు తిరిగి పడుకుంది.

సాయంత్రం నాన్న నా గది గుమ్మంలోకి వచ్చాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది.

"నా కార్డులు పోయాయి. పోతే పోనీ, అవి నావి. ఒక్క తప్పూ లేదన్న మాట, మా అక్కకి తనదంటూ ఉన్నది అదొక్కటేనమ్మా. దాన్ని తీసేశావు" అన్నాడు.

మర్నాడు పొద్దున నేను టీ పట్టుకెళ్లేసరికి అత్త మిషను ముందు కూర్చుని ఉంది. కొత్త కాగితం బిగించి ఉంది. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్లు లోపలికి పోయాయి. నాన్నను పిలవమంది. ఆయన వచ్చి నిలబడితే, పక్కన స్టూలు చూపించింది.

"ఎన్ని గుర్తున్నాయో అన్నీ చెప్పు. కొడతాను."

వద్దక్కా, నీ ఒంట్లో బాగాలేదు, ఇప్పుడెందుకవన్నీ అని ఆయన ఎంత చెప్పినా చెవిన వేసుకోలేదు. కూర్చుంటావా, నన్ను లేచి కూర్చోబెట్టమంటావా అంది. చిన్నప్పుడు పలక ముందు కూర్చోబెట్టినట్టే కూర్చోబెట్టింది.

నాన్న మొదటి మాట చెప్పాడు. ఆవిడ వేళ్లు ఠకీమని కొట్టేశాయి. చూస్తే ఇప్పటి రాతే. మళ్లీ చెప్పాడు, మళ్లీ అదే. ఆవిడ మనసు ఒకటి అనుకుంటోంది, పది వేళ్లూ ఇంకోటి చేస్తున్నాయి. నలభై ఏళ్లు తిరిగిన దారి, వాటికి ఇంకోటి తెలియదు. మూడోసారి కూడా అలాగే పడేసరికి ఆవిడ ఒక చేత్తో రెండో చెయ్యి పట్టుకుని ఏడ్చింది. మా అత్త ఏడవగా చూడటం నాకు అదే మొదలు. నాన్న చూడలేక కిటికీ వైపు తిరిగాడు.

తరవాత ఆవిడే ఒక ఉపాయం కనిపెట్టింది. మాట చెప్పొద్దు, ఒక్కొక్క అక్షరమే చెప్పు అంది. చూపుడువేలు ఒక్కటి చాచి, మిగతా వేళ్లు మడిచి, మొదటిరోజు టైపుకి వచ్చిన పిల్లలా మీటల మీద వెతుక్కుంటూ కొట్టింది. ఆయన ఒక అక్షరం చెప్పి ఆగేవాడు. ఆవిడ వెతికేది, కొట్టేది. ఆయన ఇంకోటి చెప్పేవాడు. నిమిషానికి అరవై మాటలు కొట్టిన మనిషి ఒక్క మాటకు, దాని వాక్యంతో కలిపి, తొమ్మిది పది నిమిషాలు తీసుకుంది.

అలా రోజూ పొద్దున గంటసేపు. మధ్యలో పోట్లాటలు మామూలే. ఇక్కడ ఓ కదరా అనేది. కాదక్కా, ఈ. ఎవడు రాశాడీ దరిద్రం అనేది. కొన్నాళ్లకు ఆ అడగడం మారింది. ఇది ఎవరన్నారు అని అడగసాగింది. బట్టలుతికే ఆవిడక్కా, కొడుకు ఉద్యోగం పోయిందని చెబుతోంది అనేవాడు నాన్న. ఆవిడ ఆ మాట ఒకసారి నోట్లో అనుకుని చూసి, అప్పుడు కొట్టేది.

ఒకరోజు మధ్యలో ఆపేసింది. ఆయాసం వచ్చిందేమోనని నేను నీళ్లు తెచ్చాను. తాగలేదు.

"కోర్టు బోనులో నిలబడి సాక్షులు ఎలా మాట్లాడేవారో నాకు ఇంకా వినబడుతూనే ఉందిరా. ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు. నేను అందరివీ ఒకేలా కొట్టాను. బాగు చేస్తున్నాననుకున్నాను" అంది.

నువ్వు చేసింది మంచే అక్కా, నీ వల్ల ఒక్కడు కూడా తప్పు పేరుతో లోపలికి పోలేదు అన్నాడు నాన్న. ఆవిడ వినిపించుకున్నట్టు లేదు. తరవాతి అక్షరం చెప్పు అంది.

నలభై ఒక్క రోజులు కూర్చున్నారు. తొమ్మిది వేల మాటల్లో రెండొందల అరవై మూడు అయ్యాయి. వేగంగా చెబితే నాన్నకు ఇంకా చాలా వచ్చు, ఆవిడ వేలికి తగ్గట్టు చెప్పాడు. నలభై రెండో రోజు పొద్దున ఆవిడ మంచం మీంచి లేవలేదు. ఇవాళ్టికి సెలవు అంది. సాయంత్రానికి ఆసుపత్రిలో చేర్చాం.

మూడు రోజులు ఉంది. రెండో రోజు నాన్న మందులకు కిందికి వెళ్లినప్పుడు నేను ఆవిడ మంచం పక్కన కూర్చుని, నన్ను క్షమించు అత్తా, నోరు జారాను అన్నాను. ఆవిడ ముక్కుకున్న గొట్టం సర్దుకుంది.

"నువ్వు చెప్పకపోతే తెలియకుండానే పోయేదాన్ని. అది నయమో, ఇది నయమో నాకు తెలియడం లేదే" అంది.

మా అత్త ఉన్నదాన్ని ఉన్నట్టే చెప్పిన సందర్భాల్లో అది ఒకటి. మర్నాడు పోయింది.

ఆవిడ కొట్టిన కాగితాలు పదకొండు. కార్యక్రమాలన్నీ అయ్యాక నాన్న వాటిని ముందు పెట్టుకుని ఒక పూటంతా ప్రూఫు చూశాడు. ఎర్ర పెన్ను మూత కూడా తీయలేదు. చూడటం అయ్యాక నన్ను పిలిచి, డెబ్భై నాలుగేళ్ల వయసులో మా అక్క నా కోసం తప్పులు రాయడం నేర్చుకుందమ్మా అన్నాడు. ఆ నెలలో ఆయన నాతో మాట్లాడిన పెద్ద మాట అదే.

నేను షాపు నుంచి రాగానే అత్త మిషను మీద రోజూ గంటసేపు కూర్చోవడం మొదలుపెట్టాను. వేళ్లు నొప్పి పుట్టాయి కానీ వచ్చింది. నాకు ఏ స్పెల్లింగూ అంత గట్టిగా పట్టుబడి లేదు, ఎలా చెబితే అలా కొట్టగలను. రెండు నెలలు సాధన చేసి, ఒకరోజు టీ ఇస్తూ అడిగాను.

"మిగతావి నాకు చెప్పు నాన్నా. నేను కొడతాను."

ఆయన టీ గ్లాసు అందుకున్నాడు. వద్దు అని చెప్పడానికి ఎంత మెత్తటి గొంతు ఉంటుందో అంత మెత్తగా చెప్పాడు.

"ఇంకేం గుర్తు లేవమ్మా."

సరేనన్నాను. ముసలితనం కదా, పోయి ఉంటాయి అనుకున్నాను. అలా అనుకుంటే నాకూ తేలిగ్గా ఉంది.

మర్నాడు పొద్దున షాపుకు బయలుదేరుతుంటే అత్త గదిలోంచి గొంతు వినబడింది. తలుపు ఓరగా వేసి ఉంది. మిషనుకు ముసుగు కప్పే ఉంది. నాన్న స్టూలు మీద, తన పాత చోట కూర్చుని, ఖాళీ కుర్చీ వైపు తిరిగి అక్షరాలు చెబుతున్నాడు. డబ్ల్యూ. ఆగాడు. ఐ. ఆగాడు. ఎన్. ఒక్కో అక్షరం తరవాతా, మా అత్త వేలు మీట వెతుక్కోవడానికి ఎంతసేపు పట్టేదో అంతసేపూ ఓపిగ్గా ఆగుతున్నాడు. ఆ మాట పూర్తయ్యాక ఇంకోటి మొదలుపెట్టాడు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా మెట్లు దిగాను.